బోర్డు ముందు నోరు పెగలకపోతే? (గుణుపురం నుంచి రాయగడ, వచ్చే గురువారం)

వంశధార_ఒడ్డు | శుక్రవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. ఏడాదిగా మీ మాటలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మాది ఒడిశాలోని గుణుపురం. నాకు 32 ఏళ్లు. ఏడేళ్లుగా ఆందోళన జబ్బు ఉంది, దానితో పాటు ఓసీడీ, అంటే చేసిందే మళ్లీ మళ్లీ చేసే, చూసుకునే జబ్బు. మందులు బరంపురం మెడికల్ కాలేజీ నుంచి. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని, నాలుగేళ్ల క్రితం మానేశాను. ఇప్పుడు వారానికి ఒకసారి గేటు దాటితే గొప్ప. గ్యాస్ కట్టేశానా లేదా అని లేచి చూడడంలోనే సగం రాత్రి గడిచిపోతుంది.

యూడీఐడీ కార్డుకి, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకి, అన్నయ్య జనసేవా కేంద్రంలో దరఖాస్తు పెట్టాడు. వచ్చే గురువారం రాయగడలో వైకల్యం ఎంతో తేల్చే డాక్టర్ల బోర్డు ఉందని మొన్న కబురొచ్చింది. అప్పటినుంచి అన్నం దిగడం లేదు. ఆందోళన జబ్బు ఉందని చూపించుకోవడానికి వెళ్లాలంటే ఆందోళన. నవ్వుకోండి, నాకూ ఒక్కోసారి నవ్వొస్తోంది.

కొండ మలుపుల్లో బస్సు ఒక భయం. అక్కడి జనం ఇంకో భయం. అన్నిటికంటే పెద్దది ఒడియా. నాకు ఒడియా వచ్చు కానీ అది బజారు ఒడియా. కంగారు పుడితే నాకు తెలుగే సరిగా రాదు, ఇక లోపల జరిగేదంతా డాక్టరుకి ఒడియాలో ఎలా చెప్పను? వెళ్లొచ్చిన వాళ్లు ఎవరైనా ఉంటే లోపల ఏం అడుగుతారో చెప్పండి. తెలిస్తే కొంచెం నిద్ర పడుతుందేమో.

జయపురం_పెద్దక్క | శనివారం, ఉదయం 6:10

అమ్మా, పొద్దున్నే చూశాను. మా అబ్బాయికి బైపోలార్, అతి హుషారు, అతి దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు. వాణ్ని బోర్డుకి మూడుసార్లు తీసుకెళ్లాను, మొదటి రెండుసార్లూ పోయింది. ఎందుకు పోయిందో చెప్తాను విను.

డాక్టరుగారు తలెత్తి "కెమితి అఛ?" అని అడిగారు. మావాడు చేతులు కట్టుకుని "భల అఛి ఆజ్ఞా", అంటే బాగున్నానండీ, అన్నాడు. అంతే. అన్నం తింటున్నావా అంటే తింటున్నానన్నాడు, నిద్రపోతున్నావా అంటే పోతున్నానన్నాడు. అంతకు ముందు రోజు రాత్రంతా మేడ మీద తిరిగినవాడు! మనల్ని చిన్నప్పటినుంచి పెంచిన తీరు అది. పెద్దవాళ్లు ఎలా ఉన్నావంటే బాగున్నానని చెప్పాలి. తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా ఆ ఒక్క ముక్క బోర్డు గదిలో మన కొంప ముంచుతుంది.

నువ్వు ఇప్పటినుంచే ఆ ముక్క మానేయడం అలవాటు చేసుకో. నిజంగా చెప్తున్నాను. ఇంట్లో ఎవరైనా ఎలా ఉన్నావంటే "నిన్న రాత్రి మూడింటికి పడుకున్నాను" అను. అబద్ధం వద్దు, మర్యాద కూడా వద్దు.

రిటైర్డు_గుమస్తా_బరంపురం | శనివారం, ఉదయం 8:35

ఆరోగ్య శాఖలో కాగితాలు చూసి చూసి రిటైరైన వాణ్ని. లోపల ఏం చూస్తారో తెలిస్తే సగం భయం పోతుంది కాబట్టి వివరంగా రాస్తాను.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, అందులో మానసిక అనారోగ్యం ఒకటి. అయితే జబ్బు పేరు చూసి వైకల్య శాతం వేయరు. ఆ జబ్బు వల్ల రోజువారీ బతుకు ఎంత ఆగిపోయిందో చూస్తారు. దానికి ఐడియాస్ అని ఒక కొలత ఉంది, మన దేశపు సైకియాట్రిస్టుల సంఘం తయారుచేసినదే. అందులో నాలుగు విషయాలు. మన పని మనం చేసుకోవడం, అంటే స్నానం, బట్టలు, తిండి. మనుషులతో మెలగడం. మాట్లాడడం, అర్థం చేసుకోవడం. నాలుగోది పని. ఉద్యోగం లేని ఆడవాళ్లకి ఇంటిపనే పని కింద లెక్క. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు. ఇక్కడ ఎక్కువ వస్తే ఎక్కువ ఇబ్బంది ఉన్నట్టు, మీ లెక్కల పరీక్షకి తలకిందులు.

దీనికి జబ్బు ఎన్నాళ్లుగా ఉందో అదీ కలుపుతారు. రెండేళ్ల లోపు అయితే 1, రెండు నుంచి ఐదేళ్లకి 2, ఆరు నుంచి పదేళ్లకి 3, పది దాటితే 4. అన్నీ కలిపి 20కి. 7 వస్తే 40 శాతం గీత, అంటే ఉద్యోగ రిజర్వేషన్ లాంటివాటికి కావలసిన కనీస వైకల్యం, దాటినట్టు. 6 దగ్గర ఆగితే దాటనట్టు.

మీది ఏడేళ్లంటున్నారు. అంటే కాలానికే 3 రావాలి. కానీ ఏడేళ్లని మీరు నోటితో చెప్తే సరిపోదు, మొదటి ఏడాది ఆసుపత్రి ఓపీడీ టికెట్ చూపించాలి. పాత చీటీలన్నీ తీయండి. మాసిపోయినవి, చిరిగినవి, మందుల షాపు బిల్లులు, ఏవైనా సరే. తేదీల వరసలో పెట్టి జిరాక్సు తీయించండి.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్పాలి. ఒట్టి ఆందోళన ఒక్కదానికే 40 రావడం కష్టం. మీకు ఓసీడీ కూడా ఉంది, ఉద్యోగం పోయింది, కాబట్టి వెళ్లి తీరండి. తక్కువ వస్తే మాత్రం మీది నాటకమని బోర్డు అన్నట్టు కాదు.

పర్లాకిమిడి_పిల్లకాలవ | శనివారం, ఉదయం 9:20

అక్కా, ఒక డౌట్. గుణుపురం నుంచి మా పర్లాకిమిడికి రైలుంది కదా, కొండలెక్కకుండా ఇక్కడికి వచ్చేస్తే పోదా?

రిటైర్డు_గుమస్తా_బరంపురం | శనివారం, ఉదయం 9:41

పోదు బాబూ. పర్లాకిమిడి గజపతి జిల్లా, గుణుపురం రాయగడ జిల్లా. దరఖాస్తు సొంత జిల్లాలో పెట్టుకోవాలి, లేదా ఆ జబ్బుకి వైద్యం చేయించుకున్న ప్రభుత్వాసుపత్రిలో. ఆవిడకి రెండో దారిలో బరంపురం ఉంది కానీ తారీఖు వచ్చేశాక ఇప్పుడు మార్చుకోవడం అనవసరం.

అన్నట్టు, పేరు చూసుకోండి! మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, ఒడియా వాళ్లకి చివర. ఆధార్‌లో ఒకలాగ, ఓపీడీ టికెట్ మీద ఇంకోలాగ ఉంటుంది. "రావు" అన్నది "రాఓ" అయిపోయి కూర్చుంటుంది. నా సర్వీసులో సగం తగాదాలు దీనిమీదే.

సాలూరు_సరిహద్దు | శనివారం, మధ్యాహ్నం 1:05

మా ఆంధ్ర వైపు దీన్ని సదరం అంటారు. మీసేవలో స్లాటు బుక్ చేసుకుని వెళ్తాం. పింఛను 2024 జులై నుంచి 6000. మీకు అక్కడ ఎంతండీ?

జయపురం_పెద్దక్క | శనివారం, మధ్యాహ్నం 1:30

పుండు మీద కారం చల్లావు నాయనా. మాకు మధుబాబు పింఛను, ఇక్కడ భత్తా అంటారు. 80 శాతం, ఆ పైన ఉన్నవాళ్లకి 2025 నుంచి 3500. అంత లేనివాళ్లలో చాలామందికి వెయ్యి. పార్వతీపురంలో ఉన్న మా ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా ఈ లెక్కే చెప్తుంది, నేను కూర మాడిపోతోందని పెట్టేస్తాను.

నిజం_మాట్లాడతా | శనివారం, రాత్రి 8:15

ఇదంతా చదివితే పరీక్షకి గైడు అమ్ముతున్నట్టుంది. ఏ మాటకి ఎన్ని మార్కులో చెప్పేస్తే ఇంక బోర్డు ఎందుకు? నిజంగా జబ్బుంటే డాక్టరుకి కనపడదా? మా నాన్నకి పోలియో కాలు. ఆయన ఏమీ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. నడిచి చూపించాడు, రాసిచ్చేశారు. అయినా వెయ్యి రూపాయల కోసం ఇంత గొడవా?

జయపురం_పెద్దక్క | శనివారం, రాత్రి 8:40

బాబూ, మీ నాన్నగారి కాలు ఆయనతో పాటే గదిలోకి వస్తుంది. మావాడి జబ్బు ఆ పది నిమిషాలూ గుమ్మం బయట నిలబడుతుంది. మళ్లీ బస్సెక్కగానే మాతో పాటు ఎక్కుతుంది.

పర్లాకిమిడి_పిల్లకాలవ | శనివారం, రాత్రి 8:52

వెయ్యి కోసం మాత్రమే కాదన్నా. ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకి 4 శాతం ఉంది కదా, ఆ లెక్కలో మానసిక అనారోగ్యాన్ని 2016 చట్టంలోనే చేర్చారు. 40 దాటిన సర్టిఫికెట్ లేకపోతే అక్కడ దరఖాస్తే పెట్టలేం. నేను దానికోసమే తిరుగుతున్నాను.

వంశధార_ఒడ్డు | శనివారం, రాత్రి 11:20

గుమస్తా గారూ, మీరు రాసింది నాలుగుసార్లు చదివాను. మార్కుల లెక్క చూశాక చిత్రంగా మనసు కుదుటపడింది. లెక్కల టీచర్ని కదా.

నిజం మాట్లాడే అన్నగారూ, మీరన్నది నాకూ రోజూ అనిపిస్తుంది. నేను నటిస్తున్నానేమో అని. ఏడేళ్లుగా అనిపిస్తూనే ఉంది.

ఇంకో సంగతి. మా అన్నయ్య అంటున్నాడు, బుధవారం గురువారం మాత్రలు వేసుకోవద్దు, అప్పుడు నీ అసలు పరిస్థితి వాళ్లకి కనపడుతుంది అని. అలా చేయొచ్చా?

పర్లాకిమిడి_పిల్లకాలవ | శనివారం, రాత్రి 11:24

వద్దక్కా వద్దు!! నేను ఆ తెలివితక్కువ పని చేశాను. రెండు రోజులు మానేశాను. తల తిరుగుడు, ఒళ్లంతా కరెంటు కొట్టినట్టు జలదరింపు, వాంతులు. బోర్డుదాకా కూడా పోలేదు, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. నా పేరు పిలిచి వెళ్లిపోయారు.

రిటైర్డు_గుమస్తా_బరంపురం | ఆదివారం, ఉదయం 7:15

ఈ ఆలోచన చాలా ఇళ్లలో వస్తుంది. ఈ మాత్రల్లో కొన్ని ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం, ఫిట్స్ వచ్చేవీ ఉన్నాయి. పైగా మందులు వాడుతూ కూడా ఇంత ఇబ్బంది ఉందన్నదే బోర్డుకి తెలియాలి. వేళకి వేసుకోండి. ప్రయాణానికి, గుండెదడకి ఏమైనా అదనంగా వేసుకోవచ్చేమో మీ డాక్టరునే అడగండి, పక్కింటి వాళ్ల మాత్ర వద్దు.

మల్కన్‌గిరి_మాస్టారు | ఆదివారం, ఉదయం 10:00

ఒడియా విషయం నేను చూస్తానమ్మా. మేం తెలుగువాళ్లమే కానీ నేను చదివింది, చెప్పింది అంతా ఒడియా మీడియమే. నీకు జరిగేదంతా తెలుగులో రాసి నాకు మెసేజ్ పెట్టు, శుభ్రమైన ఒడియాలో ఒక పేజీ చేసి ఇస్తాను. ఒక పేజీయే, ఎక్కువైతే ఎవరూ చదవరు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో. "నాకు చాలా భయం, టెన్షన్" అని రాయకు. చింత, డర అని రాసిస్తే డాక్టరుగారు రోజుకి యాభైసార్లు వినే మాటలే అవి. నిన్న ఏం చేశావో రాయి. ఎన్ని గంటలకి, ఎన్నిసార్లు, ఎవరి సాయంతో.

వంశధార_ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 3:30

మాస్టారూ, మీకు పంపే ముందు ఇక్కడే పెడుతున్నాను. చూసి చెప్పండి.

"స్నానానికి గంటన్నర పడుతుంది. వదిన తలుపు కొడితే గానీ బయటికి రాను. చేతుల చర్మం పగిలింది. వంట ఒక్కదాన్నే చేయలేను, పొయ్యి దగ్గర ఎవరైనా ఉండాలి. మేనకోడలి పెళ్లికి వెళ్లలేదు, వీధి చివర కల్యాణమండపం. ఫోన్ మోగితే ఎత్తను. ఈ నెలలో ఇల్లు దాటింది మూడుసార్లు, మూడుసార్లూ అన్నయ్యతో. మజ్జిగౌరమ్మ దగ్గరికి తీసుకెళ్తానని అమ్మ మొక్కుకుని రెండేళ్లయింది, ఇంకా వెళ్లలేదు."

రాస్తుంటే ఏడుపొచ్చింది. ఇంత ఉందని నాకే తెలీదు.

మల్కన్‌గిరి_మాస్టారు | ఆదివారం, సాయంత్రం 5:10

మొక్కు సంగతి తీసేద్దాం, అది అమ్మవారికి తెలుసు. మిగతాది రేపటికి పంపిస్తాను. చేతులు మాత్రం చూపించు. అవి ఏ భాషలోనైనా అర్థమవుతాయి.

నిజం_మాట్లాడతా | ఆదివారం, రాత్రి 9:00

సరే, నేను చూసిన సంగతి చెప్తాను. నాన్నని తీసుకెళ్లిన రోజు అందరినీ ఒకేరోజు పిలిచారు. కాళ్లు, కళ్లు, చెవులు, పిల్లలు, అంతా ఒకే వరండా. వరస అని ఉండదు, తలుపు దగ్గర మూగుతారు. ఆవిడ అందులో నిలబడలేదు. తోడు వచ్చినవాళ్లు తలుపు దగ్గర ఉండి, ఆవిడ బయట చెట్టు కింద కూర్చుని, పేరొచ్చినప్పుడు ఫోన్ చేస్తే చాలు. పేరు పిలిచే అతనికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. నీళ్లు తీసుకెళ్లండి. మొదటి బస్సు పట్టుకోండి.

జయపురం_పెద్దక్క | ఆదివారం, రాత్రి 9:12

ఇది మంచి మాట చెప్పావు బాబూ.

తోడు ఎవరొస్తారమ్మా? అన్నయ్య కంటే వదిన నయం. నీతో ఇంట్లో ఉండేది ఆవిడ. ఇంట్లోవాళ్లని కూడా అడుగుతారు, అది వాళ్ల పద్ధతిలో ఉన్నదే. మగవాళ్లు పరువుకి పోయి "మా చెల్లి బాగానే చేస్తుందండీ" అనేస్తారు. మా ఆయన అలా అన్నారు రెండోసారి. అందుకే మూడోసారి ఆయన్ని ఇంట్లో ఉంచి వెళ్లాను.

పర్లాకిమిడి_పిల్లకాలవ | సోమవారం, ఉదయం 7:45

బస్సులో దడ మొదలైతే దాన్ని ఆపాలని చూడకక్కా. ఎక్కువగా పది నిమిషాల్లో పైకెళ్లి దిగుతుంది, ఊపిరి నెమ్మదిగా వదలడం మీద ధ్యాస పెట్టు. ఖాళీ కడుపుతో టీ వద్దు. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 14416కి చెయ్యి, టెలిమానస్ అని మానసిక సాయం చేసే ఫోన్ లైను. ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. నేను రాత్రి రెండింటికి చేశాను ఒకసారి.

చీర కట్టుకోవాలా, పాతబట్టలు వేసుకోవాలా అని ఆలోచిస్తుంటావు. నేను ఆలోచించాను. రోజూ ఎలా ఉంటావో అలాగే వెళ్లు.

వంశధార_ఒడ్డు | గురువారం, రాత్రి 10:48

వెళ్లొచ్చాను. ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే క్షమించండి.

బస్సులో రెండుసార్లు దిగిపోతానన్నాను. వదిన కిటికీ పక్క కూర్చోబెట్టి, నా చున్నీ కొస తన చేతికి చుట్టుకుంది. ఎనిమిదింబావుకి చేరాం. చెట్టు లేదు గానీ సైకిల్ స్టాండు ఉంది, అక్కడ కూర్చున్నాను. వదిన తలుపు దగ్గర. పన్నెండున్నరకి పిలుపొచ్చింది.

లోపల ముగ్గురు. మధ్యలో ఆవిడ తలెత్తి అడిగింది, "కెమితి అఛంతి?"

నేను ఏమన్నానో చెప్పండి చూద్దాం.

"భల అఛి ఆజ్ఞా."

పెద్దక్కా, ఐదు రోజులు అలవాటు చేసుకున్నాను. నోట్లోంచి అదే ఊడిపడింది. తర్వాత గొంతు పట్టేసింది. వదిన మోచేత్తో పొడిచింది. ఏమీ రాక, మాస్టారి కాగితం టేబుల్ మీద పెట్టాను, దాని పక్కన రెండు చేతులూ పెట్టాను. ఆవిడ కాగితం మొత్తం చదివింది. చదివాక తెలుగులో "కూర్చోమ్మా, నీళ్లు తాగు" అంది! ఆవిడది శ్రీకాకుళం వైపట. నాకు ఆ ఒడియా భయమంతా ఎందుకో.

ఇంక తెలుగులోనే. స్నానం గురించి, బడి ఎందుకు మానేశాననీ, ఎవరితో మాట్లాడతాననీ. వదినని వేరేగా పది నిమిషాలు అడిగారు. మొదటి ఓపీడీ టికెట్ తేదీ ఒకాయన రాసుకున్నారు. ఒక్కచోట నేను "అంత లేదండీ, పర్లేదు" అన్నాను, ఆవిడ పెన్ను ఆపి "పర్లేదంటే ఎంతసేపు?" అంది. గంటన్నర అన్నాను. రాసుకుంది.

ఎంత ఇచ్చారో చెప్పలేదు. ఆన్‌లైన్‌లో వస్తుందన్నారు. తిరుగు బస్సులో మొద్దునిద్ర.

జయపురం_పెద్దక్క | గురువారం, రాత్రి 10:55

ఆ "భల అఛి" మన ఒంట్లోంచి పోదు తల్లీ. చేతులు చూపించావు, అది చాలు. వదినకి నా తరఫున ఒక చీర బాకీ.

సాలూరు_సరిహద్దు | శుక్రవారం, ఉదయం 8:00

తక్కువొస్తే ఏం చేయాలో కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది, నాలాంటి వాళ్లకి పనికొస్తుంది.

రిటైర్డు_గుమస్తా_బరంపురం | శుక్రవారం, ఉదయం 9:30

40 లోపు వచ్చినా కార్డు వస్తుంది, తెల్లది. 40 నుంచి 80 లోపు పసుపు, 80 నుంచి నీలం. సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదంటే వాళ్లు కారణం రాతపూర్వకంగా చెప్పాలి. నిర్ణయం నచ్చకపోతే చట్టంలో 59వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. ఊరికే అన్యాయం జరిగిందని రాస్తే తిరిగొస్తుంది. బోర్డు ఏ కాగితం చూడలేదో, ఏ విషయం అడగలేదో పేరుపెట్టి రాయాలి. అందుకే లోపలికిచ్చిన ప్రతి కాగితానికీ జిరాక్సు దగ్గర ఉంచుకోమనేది.

ఇంకోటి. ఒక రాష్ట్రంలో ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది. పింఛను మాత్రం నివాసాన్ని బట్టి. మీ 6000 చూసి ఇక్కడివాళ్లు అటు రేషన్‌కార్డు కోసం పరుగెత్తవద్దు.

వంశధార_ఒడ్డు | ఏడు వారాల తర్వాత, మంగళవారం, సాయంత్రం 6:20

కార్డు వచ్చింది. పసుపు. 50 శాతం, తాత్కాలికం, మూడేళ్ల తర్వాత మళ్లీ వెళ్లాలి. భత్తాకి బ్లాకు ఆఫీసులో అన్నయ్య కాగితాలిచ్చాడు. ఆదాయ ధ్రువపత్రం కావాలన్నారు, అది తహసీల్లో ఉంది, అది ఎప్పటికో.

రిటైర్డు_గుమస్తా_బరంపురం | మంగళవారం, సాయంత్రం 6:41

శుభం. పేరు సరిగా పడిందా?

వంశధార_ఒడ్డు | మంగళవారం, సాయంత్రం 6:58

మీ నోట్లో చక్కెర పొయ్య, ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది! ఆధార్‌కి కలవడం లేదు. జనసేవా కేంద్రానికి మళ్లీ వెళ్లాలి.

వదినకి శనివారం పుట్టింట్లో వ్రతం ఉంది. అన్నయ్యకి డ్యూటీ. మా వీధి దాటితే రెండో సందే కదా, ఒక్కదాన్నే వెళ్లొద్దామనుకుంటున్నాను.

జయపురం_పెద్దక్క | మంగళవారం, సాయంత్రం 7:03

తెరవగానే వెళ్లు, జనం ఉండరు. గ్యాస్ అన్నయ్యని కట్టమని చెప్పి వెళ్లు.